ఒకటి తేడా

మిర్చి యార్డు గేటుకి ఎదురు మేడ మీద మా గది.
ఫ్యాను వేస్తే ఘాటు, ఆపితే ఉక్క.
తుమ్ముకుంటూనే తెరిచాను
బాట్ డ్యాష్‌బోర్డు.

"తేజ ఎంత?" అని రైతు ఫోన్లో అడిగితే
క్వింటా ధర చెబుతుంది మా బాట్.
ఎందరికి చెప్పిందో చూపించడం
ఈ తెర పని.

పైన నీలం పెట్టెలో, నేటి ప్రశ్నలు: 312.
పక్కన గుండ్రటి బొమ్మ నడుమ 312.
కింద పట్టిక చివర, మొత్తం 312.
కుడి మూలన, ఎవరూ అడక్కుండానే,
అందిన సందేశాలు: 312.
పాడిందే పాడే పాచిపళ్ళ దాసరి కూడా
మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకుంటాడు.

ఇవన్నీ పెట్టింది నేనే.
ఓనరు గారికి దూరం నుంచి కనబడాలని ఒకటి.
బ్యాంకు వాళ్ళొస్తున్నారని రంగుల్లో ఒకటి.
వాళ్ళు రాలేదు, రంగులు ఉండిపోయాయి.
పట్టిక ఎలాగూ ఉండాలన్నారు.
నాలుగోది ఎందుకో
నాకే గుర్తు లేదు.

కోటిరత్నం గారు
ఇరవై రెండేళ్ళుగా కమిషన్ కొట్టు లెక్కలు రాస్తున్నారు.
ఎర్ర అట్ట పుస్తకం, చెవి మీద పెన్ను.
పదకొండు రోజులుగా పొద్దున్నే ఈ తెర చూసి
నాలుగంకెలూ కూడి రాసుకుంటున్నారట.
నిన్నటి పద్దు 1248.
"ఇంతమంది అడుగుతుంటే
యార్డుకి సరుకు రాదేమయ్యా?"

నాకు నవ్వు రాలేదు.
ఒకే టిక్కీకి నాలుగు చీటీలు కడితే
ముఠా మేస్త్రి నాలుగింటికి కూలి అడుగుతాడు,
అడగాలి కూడా.

గుండ్రటి బొమ్మ తీసేశాను.
పట్టిక కింద మొత్తం తీసేశాను.
రంగులు తీసేశాను.
తెర మీద ఖాళీ పడింది,
వేలంపాట అయ్యాక ఊడ్చిన షెడ్డు లాగ.
కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఇక నాలుగోది.
తీసే ముందు పాత రోజులు తిరగేశాను, అలవాటు కొద్దీ.
298, 298.
340, 340.
ఆదివారం 41, 41.
ఎక్కడ చూసినా కవలలే.
పద్నాలుగో తారీఖు దగ్గర మాత్రం
ప్రశ్నలు 275,
సందేశాలు 276.

ఎక్కడో తప్పు రాశాననుకున్నాను.
నా కోడంతా వెతికాను, టీ చల్లారింది.
తప్పు కాదు.
రాత్రి ఒంటిగంటా నలభైకి
ప్రత్తిపాడు అవతల నుంచి ఎవరో రాశారు:
"వాన మొదలైంది. కాయ అంతా కల్లంలో ఉంది."

రకం పేరు లేదు, ఎంత అన్న మాట లేదు.
కాబట్టి బాట్ దాన్ని ప్రశ్న కింద రాసుకోలేదు.
"క్షమించండి, రకం పేరు చెప్పగలరు" అంది.
ఆ వాక్యం కూడా
నేను రాసిపెట్టిందే.

మర్నాడు ఏడింటికి అదే నంబరు:
"తాలు కాయ ఎంత?"
ఇది ప్రశ్న. లెక్కలోకి వచ్చింది.
రెండు సెకన్లలో ధర వెళ్ళింది,
పైసల దాకా సరిగ్గా.

కింద యార్డులో లారీ వెనక్కొస్తోంది.
రా, రా, రా, అంటున్నారెవరో.
నాలుగో పెట్టె కూడా తీసేశాను.
దాని చోట, చిన్న అక్షరాల్లో,
ఒక్క వరుస పెట్టాను:
ప్రశ్న కానివి.
చాలా రోజులు అక్కడ సున్నాయే ఉంటుంది.

సాయంత్రం కోటిరత్నం గారు మెట్లెక్కి వచ్చి
కొత్త తెర చూశారు.
"హమ్మయ్య, ఒకటే అంకె" అన్నారు.
తర్వాత కిందికి వంగి,
"మరి ఇదేంటి?"

చెప్పాను. ఆ రాత్రి మాట కూడా చదివి వినిపించాను.
"దీన్ని మాత్రం
దేంతోనూ కూడకండి."

ఆవిడ ఏమీ అనలేదు.
చెవి మీద పెన్ను తీసి, పుస్తకం వెనక్కి తిప్పి,
చివరి పేజీలో
తారీఖు వేసుకున్నారు.